గుడియాత్తం మేస్త్రీ కూతురు వేలూరులో ఆడిన రెండు ఆటలు

మా ఇల్లు కట్టిన మునిరత్నం మేస్త్రీ ఫోన్ చేశాడంటే గోడకు చెమ్మ తగిలిందా, మేడ మీద నీళ్ళు నిలుస్తున్నాయా అని అడగడానికే. ఇల్లు కట్టి ఏళ్ళు గడిచినా అది ఇంకా తన పూచీలోనే ఉందని ఆయన నమ్మకం. ఈసారి మాత్రం గొంతు వేరేగా ఉంది. "అమ్మా, మా పవిత్ర ఆట ఉండాది వేలూర్లో. శనివారం ఒగటి, ఆదివారం ఒగటి. మీరొస్తే దానికి ధైర్యంగా ఉంటాది" అన్నాడు. పవిత్ర ఆయన పెద్ద కూతురు. గుడియాత్తం బడిలో పీటీ టీచరు హాకీ కర్ర చేతికిచ్చిన రోజు నుంచి స్పోర్ట్స్ హాస్టల్లో చేరేదాకా ఆ పిల్ల కబుర్లన్నీ నాకు ఫోన్‌లోనే చేరేవి. ఇప్పుడు జీతమిచ్చి ఆడించే లీగ్‌లో ఒక జట్టు ఆమెను తీసుకుంది. ఆ జట్టు సీనియర్ ఒకరికి మోకాలికి దెబ్బ తగలడంతో వేలూరులో జరిగే రెండు మ్యాచ్‌లలో పవిత్రకు చోటు దొరికింది. బాగా ఆడితే జట్టుతో పాటు తర్వాతి ఊళ్ళకు పోతుంది. లేకపోతే సంచి సర్దుకుని మళ్ళీ హాస్టల్‌కే. ధైర్యం కావలసింది కూతురికా, తండ్రికా అన్నది నాకు తేలలేదు గానీ, శనివారం తెల్లవారేసరికి చిత్తూరు బస్టాండులో ఉన్నాను.

చిత్తూరు నుంచి గుడియాత్తానికి పరదరామి మీదుగా బస్సులు తరచుగానే ఉంటాయి. గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది, యాభై రూపాయలు చేతిలో ఉంటే చాలు. కిటికీ పక్క సీటు కోసం తగవు పడకండి, రెండు వైపులా మామిడితోటలూ చెరకు మళ్ళే. నేను పడ్డాను, ఓడిపోయాను. పరదరామి దగ్గర రాష్ట్రం మారి తమిళనాడు వస్తుందని బోర్డులు చెబుతాయి గానీ మనుషులు చెప్పరు. నా వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్ళు ఒక పెళ్ళి సంగతి తెలుగులో మొదలుపెట్టి, కోడలి గురించి అరవంలోకి వెళ్ళి, తిట్ల దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తెలుగుకే వచ్చారు. కండక్టరు "గుడియాత్తం ఒగటా? సిల్లర ఇయ్యమ్మా, సీక్రం" అని నన్నూ ఆ భాషలోకే లాగేశాడు.

మేస్త్రీ ఇల్లు ఊరి చివర, కౌండిన్య నది దాటాక ఉంది. బస్టాండు నుంచి షేర్ ఆటోలో పది నిమిషాలు. ఆయన భార్య గోవిందమ్మ నన్ను కూర్చోనివ్వకుండా ఇడ్లీ ప్లేటు చేతిలో పెట్టి, పెరట్లోకి తీసుకెళ్ళింది. పవిత్ర ఆట నేర్చుకున్న చోటు చూపించాలని ఆమె ఆరాటం. ఇంటి వెనక సిమెంటు నేల, చివర నిలువెత్తు గోడ. మిగిలిపోయిన కంకర, ఇసుక కూడబెట్టి ఆదివారాల్లో మేస్త్రీ ఒక్కడే వేశాడట. పిల్ల రోజూ బంతిని ఆ గోడకు కొట్టి, తిరిగొచ్చినదాన్ని ఆపేదట. నేను చెయ్యి కడుక్కుంటే నీళ్ళు గబగబా ఎడమ మూలనున్న తూము వైపు పోయాయి. మేస్త్రీ మురిసిపోయాడు. "చూసినారా, చుక్క నీళ్ళు నిలవదు. వాటం ఇయ్యకుండా నేల వేసేది నా చేతికి రాదమ్మా." వాటం అంటే నీళ్ళు పారడానికి నేలకు ఇచ్చే వాలు.

మధ్యాహ్నం ముగ్గురం వేలూరు బస్సెక్కాం. గంటన్నర ప్రయాణం. దిగాక టౌన్ బస్సు ఎక్కితే ఆడవాళ్ళకు టికెట్ లేదు, మేస్త్రీ ఒక్కడికే కొట్టారు. దానికి ఆయన దారంతా గొణిగాడు. మైదానంలో ఆటకు ముందు పచ్చటి టర్ఫ్‌ను నీళ్ళతో తడుపుతారు, బంతి సాఫీగా జారడానికి. గొట్టాల్లోంచి నీళ్ళు చిమ్ముతుంటే మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "క్యూరింగ్ బాగా చేస్తా ఉండారు" అని, కొత్త సిమెంటుకు నీళ్ళు పడుతున్నట్టే మెచ్చుకుని, పక్కనున్న అబ్బాయికి కూడా చెప్పాడు. పవిత్ర మాకు ముందే పక్కపక్క సీట్లకు టికెట్లు పంపింది. గోవిందమ్మ ఒక వైపు, నేను ఒక వైపు, నడుమ ఆయన. జట్టు లోపలికి రాగానే ఆ నడుమ సీటు ఖాళీ అయిపోయింది.

వెతుక్కుంటూ పోతే గ్యాలరీ వెనక టీ బండి దగ్గర గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. "ఏమైంది మేస్త్రీ?" అంటే "కన్నోళ్ళ దిష్టే మొదట తగిలేది అమ్మా. బిల్డింగ్ లేస్తా ఉంటే గుమ్మడికాయ కడతాము, బొమ్మ కడతాము. బిడ్డకు ఏం కట్టేది? నేను చూడకుండా ఉంటే సాలు" అన్నాడు. అంత దూరం వచ్చి గోడను చూస్తున్న మనిషి మీద నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. టీ ఇప్పించి వచ్చి నా సీటులో కూర్చున్నాను.

ఆట బాగా సాగలేదు. పదిహేడో నంబరు చొక్కాలో పవిత్ర చాలా చిన్నగా కనిపించింది. బంతి వస్తోంది, ఆపుతోంది, ఇచ్చే క్షణానికి తల పైకెత్తుతోంది, బంతి తన జట్టు పిల్లకు కాకుండా ఎడమగా పోతోంది. ఒకసారి అలా పోయిన బంతినే అవతలివాళ్ళు అందుకుని గోల్ చేశారు. కోచ్ ఆమెను బయటికి పిలిచాడు. తల మీద తువ్వాలు వేసుకుని బెంచీ మీద కూర్చుంది, ఆట ముగిసేదాకా మళ్ళీ లేపలేదు. గోవిందమ్మ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆట అయ్యాక ఆటగాళ్ళను బస్సులో తీసుకెళ్ళిపోయారు, మాట్లాడే వీలు దొరకలేదు. తిరుగు ప్రయాణంలో మేస్త్రీ ఒక్కటే అడిగాడు, బంతి ఏ వైపు పోయిందని. ఎడమకని నేనే చెప్పాను.

రాత్రి మేస్త్రీ ఇంట్లోనే పడుకున్నాను, ఆదివారం పొద్దున ఉలి దెబ్బలకు మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్తే మేస్త్రీ ఆ సిమెంటు నేలను తూము మూల నుంచి పగలగొడుతున్నాడు. గోవిందమ్మ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది.

"ఎడంపక్క వాటం ఇచ్చినాను గదమ్మా. బంతి అట్లే పోతా ఉంటే, బిడ్డ చెయ్యి దానికే అలవాటు పడిపోయినాది. మేస్త్రీ బుద్ధి. ఆటకు సమంగా ఉండల్ల అని తోచలేదు నాకు. దాని పని నేనే చెడగొట్టినాను" అన్నాడు.

"మీరన్నా చెప్పండమ్మా. తెల్లారినప్పట్నుంచి ఇదే పని. నేల పగిలితే బిడ్డ ఆట బాగవుతాదా?" అంది గోవిందమ్మ.

నాకు హాకీ తెలియదు, సిమెంటు అంతకన్నా తెలియదు. ముందు పిల్లనే అడిగి చూద్దాం, ఆ తర్వాత పగలగొడుదువు గానీ అన్నాను. పవిత్రకు ఫోన్ చేస్తే భోజనాల వేళ కాసేపు బయటికి రావడానికి అనుమతి అడుగుతానంది.

కాబట్టి రెండో రోజు పెందలాడే బయల్దేరాం. వేలూరులో భోజనానికి పెద్ద హోటళ్ళు వద్దు, కొత్త బస్టాండు చుట్టుపక్కల మెస్సుల్లో అరిటాకు భోజనం వంద రూపాయలకు లోపే వస్తుంది. ఈ జిల్లా ముళ్ళ వంకాయతో చేసిన కూర ఉందేమో అడగండి. నేను రెండోసారి అడిగితే వంటాయన వంటింట్లోంచి తొంగిచూసి "తెలుగా? మా అమ్మది పలమనేరు" అని మూడోసారి అడగకుండానే వడ్డించాడు. మేస్త్రీ ఆకు ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు.

ఆటగాళ్ళు దిగిన లాడ్జి గేటు దగ్గర పవిత్ర మా కోసం నిలబడి ఉంది. తండ్రి చేతుల మీద సిమెంటు దుమ్ము చూసి, "ఈ పొద్దు కూడా పనా?" అంది. ఆయన తల వంచుకుని అంతా చెప్పాడు. వాటం గురించి, ఎడమ మూల గురించి, ఉలి గురించి. 

"హాస్టల్లో చేరిన కొత్తలోనే ఆడ కోచ్ ఆ అలవాటు సరి చేసేసినాడు నాయనా. నీ వాటం వల్ల కాదు" అంది పవిత్ర.

"మరి?"

"బాల్ వచ్చినప్పుడల్లా మీ సీట్లు చూస్తా ఉన్నా. అమ్మ ఉండాది, అత్త ఉండాది, నడాన సీటు ఖాళీగా ఉండాది. పోయినేడు నువ్వు సారం మీద నుంచి పడితే క్యాంపులో ఉండానని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చినాక కదా కట్టు చూసినాను. నిన్న కూడా ఏదో అయ్యుంటాది, నా దగ్గర దాస్తా ఉండారు అనుకున్నా." అత్త అంటే నేనే. "యాడికి పోయినావు నాయనా?"

సారమంటే పరంజా. ఆయన దాని మీద నుంచి పడిన సంగతి నాకూ తెలియదు.  మేస్త్రీ తల ఎత్తకుండానే, "నా దిష్టి తగులుతాదని" అన్నాడు. పవిత్రకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నువ్వు కనపడకుంటే నాకు కాళ్ళే ఆడవు. ఆడనే కూర్చో. లేవద్దు. ఏమైనా సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కదిలితే ఏదో కూలుతుందన్నట్టు కూర్చున్నాడు. మొదటి భాగమంతా పవిత్రను బెంచీ మీదే ఉంచారు. రెండో భాగంలో దింపారు. మొదటి బంతి ఆపి, మా వైపు చూసింది. నిన్నటిలాగే చూసింది. మేస్త్రీ కుడి చెయ్యి కొద్దిగా పైకెత్తాడు, అంతే. ఆ తర్వాత ఆ పిల్ల మా వైపు చూడలేదు. బంతి ఎటు పోవాలో అటే పోయింది. కిందపడింది, లేచింది, తనకన్నా బలమైన పిల్ల కాళ్ళ దగ్గర నుంచి బంతి లాక్కుంది. గోల్ కొట్టలేదు. జట్టు గెలవనూ లేదు, చెరొక గోల్‌తో ఆట ముగిసింది. కానీ చివరిదాకా కోచ్ ఆమెను బయటికి పిలవలేదు. మేస్త్రీ రెప్ప వేశాడో లేదో నాకు అనుమానమే.

ఆట అయ్యాక పవిత్ర కంచె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "నాయనా, నన్ను కూడా తీసుకుపోతా ఉండారు. వచ్చే మ్యాచ్‌కి." మేస్త్రీ బాగుందని గానీ సంతోషమని గానీ అనలేదు. కంచెలోంచి వేళ్ళు పెట్టి ఆమె వేళ్ళు పట్టుకుని, దిష్టి సంగతి మరిచిపోయి, కూతురిని కళ్ళారా చూసుకుంటూ నిలబడిపోయాడు.

నేను వేలూరు నుంచి కాట్పాడి మీదుగా చిత్తూరు బస్సు పట్టుకుని చీకటిపడే వేళకు ఇల్లు చేరాను. దారంతా ఆ ఇద్దరి గురించే ఆలోచన. పిల్ల బాధపడుతుందని తండ్రి తన దెబ్బ దాచాడు, పిల్లకు తగలకూడదని తన చూపు దాచాడు. రెండూ ప్రేమే, రెండూ ఆ పిల్లను భయపెట్టాయి. మేస్త్రీకి తెలుగు చదవడం రాదు, ఇది ఫోన్‌లో చదివి వినిపించమన్నాడు. వినిపించాను. అంతా విని, "సరిగానే రాసినారమ్మా" అన్నాడు. ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటే. మీవాళ్ళ ఆట చూడ్డానికి వెళ్తే ఆట మొదలుకాకముందే సీటు దగ్గరికి చేరండి, ఎక్కడ కూర్చుంటారో వాళ్ళకు ముందే చెప్పండి, చెప్పిన చోటి నుంచి లేవకండి.