నేను వద్దన్న ప్రసాదం

మా సంఘంలో నాకు ధైర్యవంతురాలినని పేరు. పటేలింట్లో ప్రసాదం ఇస్తే మొహం మీదే వద్దన్న టీచరమ్మ అంటే మా మందిరంలో తెలియనివాళ్ళు లేరు. కొత్త పాస్టరుగారు వచ్చినప్పుడల్లా ఆ సాక్ష్యం నా చేత చెప్పిస్తారు. నేనూ ఏళ్ళ తరబడి చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పకుండా దాటేసిందే ఎక్కువ.

తొంభైల మొదట్లో, శామీర్‌పేట దగ్గరున్న మా ఊళ్ళో అంగన్‌వాడీ కేంద్రం పెట్టి నన్ను టీచరుగా తీసుకున్నారు. మా వాడలో పదో తరగతి పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే. రోడ్డుకు అటు ఊరు, ఇటు మా వాడ. కేంద్రాన్ని వాడలో ఉన్న కమ్యూనిటీ హాల్లో పెట్టారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఊళ్ళోవాళ్ళు తమ పిల్లల్ని వాడలోకి పంపరు, పంపినా వాడ మనిషి చేతి ఉప్మా తిననివ్వరు.

నాకు మొదటినుంచీ మొండితనం ఎక్కువ. చిన్నప్పుడు బడిలో పైనుంచి నీళ్ళు పోస్తే దోసిలి పట్టి తాగినదాన్ని. నా కేంద్రంలో మాత్రం ఊరి పిల్లలూ వాడ పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని తినాలని పట్టుబట్టాను. ప్రభువు నన్ను టీచరును చేసింది ఈ పనికేనని నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను, నన్ను తినేస్తున్నదీ అదే.

ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగాను. "పంపుతం తియ్యి" అని నవ్వి తలుపు దగ్గరకు వేసేవాళ్ళు. ఊరి చివర బట్టలుతికే ఆవిడ ఒక్కతే నిజం చెప్పింది. ఆమె చంకలో రెండేళ్ళ పిల్ల, కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. చూడగానే తెలిసింది, నా కేంద్రం తిండి అందరికంటే ఆ పిల్లకే అవసరమని.

"నాకు పంపాల్ననే ఉంది. పెద్ద పటేలమ్మ మనుమరాల్ని పంపితె ఇగ ఎవ్వలు ఏమనరు. ఆమె కంటె ముందుగాల నేను పంపితె ఊర్ల ఉండనిస్తరా?" అంది.

పెద్ద పటేలమ్మ అంటే ఊళ్ళో సగం పొలం ఉన్న ఇంటి ముసలామె. మా అమ్మ ఆ ఇంట్లోనే పని చేసింది. కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, సాయంత్రం వెనక దర్వాజ బయట నిలబడి, "ఆకలైతాంది, ఇంత అన్నం పెట్టుండ్రి అమ్మా" అని అడిగేది. లోపలినుంచి ఎవరో వచ్చి ఆమె కొంగులో వేసేవాళ్ళు. ఆ కొంగు అంచు పట్టుకుని పక్కన నేనుండేదాన్ని.

పటేలమ్మ దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి పలకలేదు. రెండోసారి గిన్నెలు ఎవరు తోముతారు, నీళ్ళు ఎక్కణ్ణుంచి తెస్తారు అని ఆరా తీసింది. మూడోసారి "సూద్దాం" అంది. తర్వాత వారమే కబురు వచ్చింది. కొత్త బోరులో నీళ్ళు పడ్డాయని సత్యనారాయణ వ్రతం చేస్తున్నారట, నన్ను రమ్మన్నారట.

వెళ్ళి వాకిట్లో నిలబడితే ముసలామె అరుగు మీదనుంచి పిలిచింది.

"గాడ నిలవడ్డవేంది? లోపలికి రా."

మా వాడ మనిషి ఆ గడప దాటడం నేనెరగను. దాటాను. కాళ్ళ కింద గచ్చు చల్లగా తగిలింది. కోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పటేలమ్మ తన వెనక దాక్కున్న మనవరాల్ని ముందుకు లాగి, "రేపటికెల్లి గీ పోరిని పంపుత. నువ్వే వచ్చి తోల్కపో" అంది. ఆ పిల్ల వెనకే ఊరి పిల్లలంతా రోడ్డు దాటి వస్తున్నట్టే అనిపించింది.

అప్పుడామె మోదుగాకులో ప్రసాదం పెట్టి ఇచ్చింది. పైనుంచి వేయలేదు. నా చేతిలో పెట్టింది, ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి.

"తిను. దేవుని ప్రసాదం" అంది.

విగ్రహాలకు పెట్టినది ముట్టకూడదని, నలుగురిలో ప్రభువును ఒప్పుకోవడానికి సిగ్గుపడకూడదని మాకు మందిరంలో నేర్పారు. మావాళ్ళలో చాలామంది అలాంటప్పుడు తీసుకుని, ఇంటికెళ్ళి కోళ్ళకు వేసేవాళ్ళు. వాళ్ళంటే నాకు చులకన. ఆకును పక్కనున్న పీట మీద పెట్టేశాను.

"మేం తినమమ్మా. మేం ప్రభువును నమ్ముకున్నోళ్ళం."

అంత గట్టిగా అనక్కర్లేదు. వంటింట్లో ఉన్నవాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.

పటేలమ్మకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "మా ఇంటి మెతుకు నువ్వు ముట్టవు. మల్ల నీ చేతి కూడు నా మనుమరాలు తినాల్నా?" అని అడిగింది.

"అది వేరేనమ్మా" అన్నాను.

"ఏం వేరే?"

నా దగ్గర జవాబుంది. బైబిలు వాక్యంతో సహా ఉంది. "ఇగ పో బిడ్డ" అని ఆమే అంది.

ఆ ఆదివారం సాక్ష్యం చెప్పాను. "మేం తినమమ్మా" అన్నదగ్గర ఆపేశాను. మందిరమంతా స్తోత్రమంది. చాప మీద ముందు వరసలో కూర్చున్న మా అమ్మ ఒక్కతే అనలేదు. ఇంటికి నడుస్తుండగా అడిగింది.

"గా మాట ప్రభువు కోసం అన్నవా, నా కోసం అన్నవా?"

"ప్రభువు కోసమే" అని కసిరాను. నిజం నాకు తెలుసు. ఆ ఇంటివాళ్ళు పెడుతుంటే మా ఇంటి మనిషి వద్దనడం అదే మొదలు. ఆకు పీట మీద పెట్టినప్పుడు నాకెంత హాయిగా ఉందో! ఆ హాయికే విశ్వాసమని పేరు పెట్టుకున్నాను.

పటేలమ్మ మనవరాలు మేడ్చల్‌లో కాన్వెంటుకు వ్యానులో వెళ్ళింది. స్తోమత ఉన్నవాళ్ళు తమ పిల్లల్నీ అదే వ్యాను ఎక్కించారు. బట్టలుతికే ఆవిడ బిడ్డ మాత్రం ఎటూ పోలేదు. నేను కేంద్రానికి వెళ్తూ రోజూ ఆ పిల్లను చూసేదాన్ని, గుమ్మంలో కూర్చుని ఉండేది. దొంగచాటుగా కేంద్రంలో ఇచ్చే బలం పొడి ప్యాకెట్టు ఇస్తే తల్లి భయపడి తిరిగిచ్చేసింది. కొన్నేళ్ళకు ఊళ్ళో ఇంకో కేంద్రం తెరిచారు, ఊరివాళ్ళ కోసం. ఒకే ఊరికి రెండు కేంద్రాలు తెచ్చుకున్నారని పైఅధికారులు మెచ్చుకున్నారు. ఆ రోజు నేనూ చప్పట్లు కొట్టాను.

రెండువేల సంవత్సరం తర్వాత మా వైపు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. పటేలువాళ్ళు అమ్ముకుని తూంకుంటలో మేడ కట్టుకున్నారు. అప్పటికి మా అమ్మ పోయింది. కొత్త పాస్టరుగారు యవ్వనస్తుల కూడికలో ఆ సాక్ష్యం చెప్పమన్నారు. సరేనన్నాను గానీ, ఈసారి అది నోట రాదని తెలిసిపోయింది. ముందు రోజు బస్సెక్కి తూంకుంట వెళ్ళాను.

పటేలమ్మకు చూపు ఆనడం లేదు. గొంతు గుర్తుపట్టింది. నేల మీద కూర్చుని చెప్పాను.

"అమ్మా, గా దినం ప్రభువు పేరు జెప్పిన గని, లోపల కోపమే ఉండె. మా అమ్మను వెనక దర్వాజ కాడ నిలవెట్టిన్రని."

"నాకు ఎర్కనే" అందామె. "నా సంగతి నీకు ఎర్క లేదు. నా పోరి నీ కాడ తినాల్నంటె, ముందుగాల నువ్వు మా ఇంట్ల తినాలె అనుకున్న. ఉట్టి అన్నం పెడితె నా కొడుకులు లొల్లి జేస్తరు. ప్రసాదమంటె ఎవ్వలకైన పెట్టొచ్చు, నోర్లు మూస్కుంటరు. గందుకే గా దినం జూసి పిలిచిన. నాకు గూడ అడ్డం వెట్టుకోను దేవుడే గావల్సొచ్చిండు" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు.

మర్నాడు కూడికలో అంతా చెప్పాను. ఎవరూ స్తోత్రమనలేదు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. అయిపోయాక ఒక అమ్మాయి వచ్చి, "అయితె తినాల్సుండెనా టీచరమ్మా?" అని అడిగింది. చెప్పలేకపోయాను.

ఇప్పుడు అడిగితే చెబుతాను. ప్రసాదం ఈరోజు ఇచ్చినా తినలేను, నా మనస్సాక్షి ఒప్పుకోదు. కానీ ఆకు పక్కన పెట్టి, ఆ గచ్చు మీద కూలబడి, "ఇది తినలేనమ్మా, ఆకలైతాంది, ఇంత అన్నం పెట్టు" అని ఉండాల్సింది. లొల్లి అయితే అయ్యేది, ఇద్దరం కలిసి మాటలు పడేవాళ్ళం. మా అమ్మ బతుకంతా ఆ ఇంట్లో అడిగిన మాట అది. అది నా నోట రాకూడదనే నేను చదువుకున్నాను.