తగలని దెబ్బ

సినిమాల్లో ఆడపిల్లల్ని ఏడిపించి, హీరో చేత తన్నులు తినడమే ఆయన బతుకుతెరువు. హీరో చెయ్యి గాల్లో ఊగితే చాలు, తగలకముందే ఎగిరిపడటం వెన్నతో పెట్టిన విద్య. అందుకే అందరూ ఆయన్ని పల్టీ అంటారు.

ఆ రోజు బస్సులో ఒక పోకిరీ ఓ అమ్మాయి మీదమీదకు ఒరుగుతుంటే పల్టీకి ఒళ్లు మండింది. "దూరంగా నిలబడవయ్యా," అంటూ లేచాడు. వాడు చెయ్యెత్తాడో లేదో, పల్టీ సీట్ల మధ్య వెల్లకిలా పడ్డాడు. సినిమాల్లో చూసిన పల్టీ రౌడీ మొహాన్ని గుర్తుపట్టిన జనం పోకిరీకే చప్పట్లు కొట్టారు.

అమ్మాయి ఆయనకు చెయ్యందించి లేపింది. "దెబ్బ తగల్లేదు కదా అంకుల్, ఎందుకు పడ్డారు?"

పల్టీ బుర్ర గోక్కున్నాడు.

"ఏమోనమ్మా. ఇన్నాళ్లూ నా మీద చెయ్యెత్తినోళ్లంతా మంచోళ్లే మరి."