అరిగిన మూడు షాఫ్టులు

పుంగనూరులో నేను లారీ మెకానిక్‌గా ఉన్నప్పుడు, ఒక టిప్పర్ తొట్టిని పైకెత్తే హైడ్రాలిక్ పంపు షాఫ్టు ఒకే ఏడాదిలో మూడోసారి అరిగిపోయింది.

"ఈడు రాళ్ళు మోతాదు మించి ఎక్కిస్తాండాడప్పా. రేపట్నుంచి ఈడు నాకొద్దు," అన్నాడు ఓనరు, పక్కనున్న డ్రైవరును చూపిస్తూ.

ఓనరు వెళ్ళాక డ్రైవరు నాతో, "నేను ఎక్కించలేదన్నా," అన్నాడు.

పాత షాఫ్టులు పారేసే అలవాటు నాకు లేదు. మూడింటినీ కిరసనాయిలుతో కడిగి వరసగా పెట్టాను. బరువు ఎక్కువైతే షాఫ్టు మెలిపడాలి. ఒక్కటీ మెలిపడలేదు. మూడింటికీ పళ్ళు కొసన మాత్రమే అరిగాయి. అంటే పంపు వంకరగా కూర్చుంది. ఎప్పటి నుంచి? డైరీ తిరగేశాను. మొదటి షాఫ్టు అరగడానికి నెల ముందు నా రాతలోనే ఉంది: "పంపు దగ్గర ఆయిల్ కారుతోంది. కింది వైపు సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బిగించాను."

పంపును ఒక పక్కకు ఎత్తిన ఆ ముక్క తీసేసి, ఆయిల్ కారకుండా కొత్త వాషరు వేసి, పంపును సమంగా బిగించి, కొత్త షాఫ్టును చేత్తో తిప్పాను. ఎక్కడా పట్టలేదు.

మరునాడు డ్రైవరు ముందే ఓనరుకు డైరీ చూపించాను. "తప్పు నాది. ఆయప్పను తీసెయ్యొద్దు."

"అయితే నేను తిట్టిందంతా నిన్ను తిట్టాల్సిందా?"

"ఆ తిట్లు నాకాడ బద్రంగా ఉండాయిలేన్నా, పంచుకుందాం," అన్నాడు డ్రైవరు.

ఆ టిప్పర్‌ను అమ్మేదాకా అతనే నడిపాడు, అదే షాఫ్టుతో.