కర్రల సాబు ఆట, బాపు ఎర్ర గుడ్డలు

ఇంట్లో ఎర్ర గుడ్డ పేలిక కనిపించినా ఇంటిల్లిపాదినీ బయట నిలబెట్టి ప్రశ్నలడిగే రోజులవి. మిలిట్రీ వచ్చింది, రజాకార్ల పీడ విరగడైందని సంబరపడ్డాం. ఆ మిలిట్రీయే కమ్యూనిస్టు సంఘం వాళ్లను వెతుకుతూ ఊళ్ల మీద పడేసరికి సంబరం కాస్తా గొంతులోనే ఉండిపోయింది. కొల్లాపూర్ దగ్గర మాది మగ్గాల ఇల్లు. అంతకుముందు సంఘం వాళ్లడిగితే మా బాపు జెండాలకు ఎర్రరంగు అద్ది ఇచ్చేవాడు. వాళ్లు అడవి పట్టాక మిగిలిపోయిన జెండాలను, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో దాచి పైన చాప పరిచాడు. కాల్చేద్దామంటే వినడు. "పక్కా రంగురా, మనసొప్పుతలేదు" అనేవాడు. నాకప్పుడు మీసాలు కొత్త, నాలుగు ముక్కల ఉర్దూ వచ్చన్న గర్వం పాతది; బాపుకు అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పేది నేనే.

ఊరి బయట రాళ్ల మెట్ట చెలకలో మిలిట్రీ క్యాంపు పడింది. అక్కడి పెద్ద ఆఫీసరుకు సంచి నిండా వంకర కర్రలుండేవి. అందుకే ఊరంతా ఆయన్ని కర్రల సాబు అనేది (ఆ కర్రలు మా వీపుల కోసమేనని కొన్నాళ్లు గట్టిగా నమ్మాం). తీరా చూస్తే ఆయన చెలకలో అక్కడక్కడా గుంతలు తవ్వించి, ఒక తెల్లటి ఉండను దూరం నుంచి కొట్టి వాటిలో వేసే ఆట ఆడుతున్నాడు. దాన్ని గోల్ఫు అంటారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఒకరోజు ఆయన జవాను మా ఇంటికొచ్చి, గుంతల దగ్గర పాతడానికి ఎర్రజెండాలు కావాలన్నాడు. బాపు మగ్గం దగ్గర్నుంచి లేవనే లేదు.

"ఎర్రరంగు మా ఇంటావంటా లేదు సాబ్" అన్నాడు, సరిగ్గా ఆ జెండాల మీదే కాళ్లు పెట్టుకుని. ఏదో ఒక రంగువి రేపు తెమ్మని జవాను వెళ్లిపోయాడు. "ఆట గీట ఏం లేదు కొడకా. ఎర్రయి ఇస్తే, గిన్నాళ్లు ఎవలికి అద్దినవని నన్ను పట్టుకపోతరు" అన్నాడు బాపు. చివరికి పసుపులో ముంచిన జెండాలు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. ఎండిన గడ్డిలో పాతగానే అవి గడ్డిలో కలిసిపోయాయి. కర్రల సాబు కళ్లు చికిలించి ఎటో కొట్టాడు. ఉండ గాలిలో చాలా దూరం పోయి, ఠంగుమని బండకు తగిలి మాయమైంది. మళ్లీ కొట్టాడు. అదీ అంతే. ఆయన మా మీద ఉర్దూలో విరుచుకుపడ్డాడు.

"ఏమంటుండురా?" అన్నాడు బాపు. బాపు గుండె ఆగిపోతుందేమోనని, "జెండాలు మంచిగున్నయంటుండు" అన్నాను. బాపు సాబు వైపు చూసి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. సాబుకు ఇంకా మండింది. "నవ్వులాటగా ఉందా? అయితే నువ్వే ఆడు!" అని కర్ర నా చేతిలో పెట్టాడు. నాకు వచ్చిందల్లా చిర్రగోనె, అదే బిళ్లంగోడు. మొదటి దెబ్బకు మట్టి లేచింది, ఉండ లేవలేదు. తర్వాత అది నాలుగు బారలు దొర్లింది. నేను దాని వెంట, బాపు నా వెంట, బండల సందుల్లోంచి దొర్లించుకుంటూ పోయి ఎట్టకేలకు గుంతలో వేశాను.

సాబు నడుము పట్టుకుని నవ్వాడు. "ఈ రాళ్లన్నీ నా దెబ్బ పడే చోటే ఉన్నాయి. నీ దెబ్బ అంతదూరం రానే రాదు. ఆట వచ్చినవాడికే ఈ చెలక కష్టం!" అన్నాడు. ఆ నవ్వు చూశాక నా ప్రాణం లేచొచ్చింది. జెండాలు మాత్రం ఎర్రవే కావాలి, కనబడాలి అన్నాడు. ఈసారి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిజంగ ఆటకేనా?"

"ఆటకే బాపు."

"మరి గా ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా!"

మర్నాడు తెల్లారకముందే జెండాలు తెచ్చిచ్చాం. సాబు ఒకటి విప్పి, మడతల గీతలు తడిమి, బాపు వైపు చూశాడు. "రాత్రికి రాత్రే అద్ది ఆరబెట్టావా?"

"మా ఊరి ఎండ గట్లుంటది సాబ్" అన్నాడు బాపు (అప్పటికింకా పొద్దు పొడవలేదు). సాబు జెండాను మళ్లీ ఆ గీతల మీదే మడిచాడు. తర్వాత చిన్నగా నవ్వి, "పాతించండి" అన్నాడు జవానుతో. సంఘం జెండాలు మిలిట్రీ చెలకలో రెపరెపలాడాయి. మిలిట్రీ సంఘంలో కలిసిందని చుట్టుపక్కల ఊళ్లలో కొన్నాళ్లు గుసగుసలు కూడా నడిచాయి.

ఇప్పుడు టీవీలో ఎవరో పెద్ద ఆటగాడు ఉండను ఇసుకలోకి కొట్టి తల పట్టుకుంటే, "జర మెల్లగ కొట్టు నాయినా" అంటాను. మనవరాలు నవ్వుతుంది. ఆమెకేం తెలుసు, ఆ మెల్లటి దెబ్బలతోనే మా బాపును ఇంటికి తెచ్చుకున్నానని నేను ఇప్పటికీ మురిసిపోతుంటానని! జెండాలిచ్చి వచ్చిన ఆ సాయంత్రం బాపు ఖాళీ అయిన మగ్గం గుంటలో కాళ్లు బారచాపి, "గిది గింత లోతున్నదని మర్చేపోయినరా" అన్నాడు.