యాభై దాటని బండి

కాన్సస్‌లో డెల్మార్ పాత పికప్ ట్రక్కులకు తుక్కులో కొన్న ఇంజన్లు బిగిస్తాడు. పట్టేసిన నడుముతో స్టీరింగ్ ముందు కూలబడి, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, చప్పుడు వింటూ ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్‌లో అంకెలు సర్దుతాడు. అతని దగ్గరే ఇంజన్ వేయించుకున్న ముసలి హార్లన్ చూపు మందగించి రెండుసార్లు ట్రక్కును కాలవలోకి దింపాడు. ఆయనకు తెలియకుండా బండి వేగం తగ్గించమని హార్లన్ భార్య బతిమాలితే, డెల్మార్ ఆ కంప్యూటర్‌లోనే గంటకు యాభై మైళ్ల హద్దు పెట్టాడు.

వారానికే హార్లన్ వచ్చాడు.

"ఏరా, బిగించింది ఇంజనా, కుట్టు మిషనా? ముసలమ్మలు కూడా నన్ను దాటిపోతున్నారు!"

"తుక్కు ఇంజన్ కదా పెద్దాయనా. దాని ఓపిక అంతే."

"ఓపిక పోయింది దానికి కాదు, నీ చేతికి."

ఆ మాట ఊరంతా పాకింది. ఇప్పుడు వచ్చే ప్రతివాడూ, "మా బండి యాభై దాటుతుందా?" అని ముందే అడుగుతున్నాడు.

"దాటుతుంది," అంటాడు డెల్మార్. అంతకు మించి చెప్పడు.