సముద్రం దాటిన పిడికెడు బియ్యం

తమ్ముడు వాంతులు, విరేచనాలతో పోయాక కూడా అమ్మ అన్నం వండే ప్రతిసారీ వాడి వంతు బియ్యం తీస్తూనే ఉండేది. వాడికి మూడేళ్లు కూడా నిండలేదు, వాడి వంతంటే ఒక పిడికెడు. మా ముగ్గురికీ సోలతో కొలిచి, మళ్లీ డబ్బాలో చేయి పెట్టి పిడికిలి మూసేది. అప్పుడు గుర్తొచ్చేది. మెల్లగా పిడికిలి విప్పి బియ్యాన్ని డబ్బాలోకే వదిలేసేది. రోజూ ఇదే తంతు. చూడలేక నాయిన బయటికి వెళ్లిపోయేవాడు.

మెదక్‌లో మా వాడకు ఒక చిన్న చర్చి ఉండేది. పాస్టరును అందరం అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్లం. ఒక ఆదివారం అమ్మగారు ఆఫ్రికాలో కరువుకీ యుద్ధానికీ దిక్కులేనివాళ్లయిన పిల్లల గురించి చెప్పింది. ప్రతి ఇంట్లో వండినప్పుడల్లా పిడికెడు బియ్యం పక్కన పెడితే, అన్నీ పోగుచేసి అమ్మి, ఆ డబ్బు అక్కడికి పంపుతారట. పిడికెడు బియ్యం మాకు కొత్త కాదు, చర్చి ఖర్చులకు ఇచ్చేవాళ్లమే. అంత దూరం పంపడమే కొత్త. ఆమె ఒక పత్రికలో బొమ్మ చూపించింది. పొట్ట ఉబ్బిన పిల్లవాడు. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఎంతకీ తిరిగివ్వలేదు.

"గీ పోరనికి మూడేండ్లుంటయా అమ్మగారూ?" అని అడిగింది.

ఉండొచ్చంది ఆమె.

ఇంటికి రాగానే అమ్మ ఒక చిన్న మట్టి గురిగి కడిగి ఆరబెట్టింది. ఆనాటి నుంచి ఆ పిడికెడు బియ్యం అందులో పడేది. అమ్మ మొహం తేటపడింది. "వాడు గూడ తింటుంటడు గిప్పుడు" అనేది అన్నం వారుస్తూ, పక్కింటికి ఆడుకోవడానికి పోయినవాడి గురించి అన్నట్టు. చర్చిలో తన బియ్యం వేరేవాళ్ల బియ్యంతో కలపొద్దని కూడా అడిగిందట. పోయేది బియ్యం కాదమ్మా, డబ్బు అని అమ్మగారు ఎంత చెప్పినా అమ్మ తలకెక్కలేదు. నేను ఒట్టి కోపిష్టిదాన్ని, ఇవన్నీ వింటుంటే ఒళ్లు మండేది. ఆ బొమ్మలో ఉన్నది తమ్ముడు కాదని చెప్పాలని నోటిదాకా వచ్చేది. నాయిన కళ్లతోనే వద్దనేవాడు.

తర్వాతి ఏడు వానలు మొహం చాటేశాయి. నాయిన రైస్‌మిల్లులో హమాలీ. హవేలిఘనపూర్ నుంచీ కుల్చారం నుంచీ వడ్లు వస్తేనే మిల్లు తిరిగేది, మిల్లు తిరిగితేనే మా పొయ్యి వెలిగేది. ఆ ఏడు వడ్లు రాలేదు. మంజీర నీళ్లు పట్నానికి పోతున్నాయనీ, తెలంగాణ వస్తే తప్ప మన పొలాలు తడవవనీ హోటల్ దగ్గర మగవాళ్లు మాట్లాడుకునేవాళ్లు. నాయిన ఆ మాటలు విని ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాడు. పొద్దున జొన్న గట్క తాగేవాళ్లం, సాయంత్రం ఒక్కపూటే అన్నం. అయినా గురిగిలో పిడికెడు పడుతూనే ఉంది.

"ఇంట్ల పిల్ల ఎండుతుంటే సముద్రం అవతలికి పంపుతవా?" అన్నాడు నాయిన ఒకరోజు, గొంతు పెంచకుండానే.

"వాని వంతు వానికే. పిల్లకు నా దాంట్లకెళ్లి పెడత" అంది అమ్మ.

అన్నట్టే పెట్టింది. చూస్తుండగానే ఆమె జాకెట్టు భుజాల మీంచి జారిపోయేంత వదులైంది. నాకు అమ్మ మీద జాలి, ఆ ఆఫ్రికా పిల్లవాడి మీద చెప్పలేనంత కడుపుమంట.

మిల్లు మూతపడి మనవాళ్లే పస్తులుంటున్నారని, ఈసారి పోగైన బియ్యం అమ్మకుండా ఇక్కడే పంచాలని చర్చి పెద్దలు అనుకున్నారు. మంచి మాటే, ఎవరూ కాదనలేదు. ఒక సాయంత్రం అయ్యగారే సైకిల్ మీద మా ఇంటికి సంచి తెచ్చారు. సన్నబియ్యం, లావు బియ్యం, రేషన్ బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. నాయిన రెండు చేతులా అందుకున్నాడు.

"మరి ఆడ పిల్లలకెట్ల అయ్యగారూ?" అంది అమ్మ.

"వాళ్లకు వేరే దేశాలోళ్లు పంపుతరమ్మా. మీరు ఫికర్ చెయ్యకుండ్రి. ఈ ఏడు మీరు తినుండ్రి" అన్నారాయన ఎంతో దయగా. మా తమ్ముడు పోయిన సంగతి ఆయనకు తెలుసు, ఆ పిడికెడు ఎవరిదో తెలియదు.

ఆయన వెళ్లాక అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. సంచిలోంచి ముగ్గురికీ కొలిచింది. చేయి పెట్టి పిడికిలి మూసి, ఎటు పోయాలో తెలియనట్టు కాసేపు అట్లాగే నిలబడింది. చివరికి దాన్ని కూడా మా ఎసట్లోనే వేసేసింది. అన్నం ఉడికాక నాకూ నాయినకూ వడ్డించింది. నేను ఆకలి మీద గబగబా రెండు ముద్దలు మింగాను. అప్పుడు అమ్మ పొయ్యి ముందు కూలబడి, నేల చరుస్తూ, "నా కొడుకా" అని శోకం పెట్టింది. నాయిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఏడుపు విని వాడలో ఆడవాళ్లు ఉరికొచ్చారు. గడపలో నిలబడి, ఎవరు పోయిండ్రని నాయినను అడిగారు.

"మా పోరడు" అన్నాడు నాయిన.