ఎవరైనా తలుపు తీయండి

మా అక్కకి ఇంగ్లీషు చెప్పబోయిన వారానికే నా తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కది ఒక హోటల్లో లాండ్రీ పని. కింది అంతస్తు, కిటికీ లేని గది. ఆవిరి కక్కే ఇస్త్రీ మిషన్‌లోంచి దుప్పటి బయటికి రాగానే ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడతపెట్టాలి. "ఎవరైనా రండమ్మా" అని ఎవరు కేకేసినా రెండో కొస పట్టుకునేది అక్కే. ఈలోగా రిసెప్షన్లో ఒక ఖాళీ వచ్చింది. "ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే మీకే ఇస్తా. సోమవారం పొద్దున మాట్లాడి చూస్తాను" అన్నాడట మేనేజరు.

"కూర్చుని చేసే పనే! ఎదురుగా వీధి కూడా కనబడుతుందే!" అని ఫోన్లో రెండుసార్లు చెప్పింది అక్క. ఊరందరికీ ఇంగ్లీషు చెప్పి బతుకుతున్నదాన్ని, సొంత అక్కకి చెప్పలేనా అని రెక్కలు కట్టుకుని వాలాను.

వంటింట్లోనే పాఠం. "ఎవ్రీబడీ అంటే అందరూ. కానీ పక్కన 'ఆర్' పెట్టకు, 'ఈజ్' పెట్టు."

"అందరూ అంటే చాలామంది కదే?"

"మీ ఇంట్లో అందరూ కలిసి ఒక్క మనిషి పనైనా చేస్తున్నారా? అందుకే ఈజ్."

అక్క పడీపడీ నవ్వింది. మళ్లీ ఆ తప్పు చేయలేదు. చిక్కంతా మిగతావాటితో వచ్చింది. నేను తెలుగులో అంటే తను ఇంగ్లీషులో చెప్పాలి.

"ఎవరో కుళాయి కట్టెయ్యలేదు."

"ఐ డిడ్ నాట్ క్లోజ్ ద ట్యాప్."

"ఎవరైనా తలుపు తీయండి."

"ఐ యామ్ కమింగ్!"

ఒళ్లు మండిపోయింది నాకు. "అక్కా, అక్కడ సమ్‌బడీ రావాలి. మధ్యలో నువ్వెందుకొచ్చావ్?"

"నేను కాకపోతే ఇంకెవరొస్తారే?" అంది, పచ్చి నిజం చెబుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే బావ హాల్లోంచి, "ఎవరైనా కాస్త మంచినీళ్లివ్వండి" అన్నాడు. పక్కనే సోఫాలో అక్క మామగారు పేపరు చదువుతున్నారు, అక్క కూతురు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అక్క అప్పటికే గ్లాసు పట్టుకుని బయల్దేరింది. తప్పు గ్రామరుది కాదని నాకప్పుడర్థమైంది. ఏడుపొచ్చినంత పనైంది.

సోమవారం పొద్దున అక్క చీర కట్టుకుని, నా ముందు కూర్చుని చివరిసారి అప్పజెబుతోంది. కాలింగ్ బెల్ మోగింది.

"ఎవరైనా తలుపు తీయండి!" అన్నాడు బావ, ఫోన్లోంచి తలెత్తకుండా.

అక్క లేచింది. నేను కొంగు పట్టుకుని లాగాను. "కూర్చో. ఇదే నీ పరీక్ష."

బెల్ మళ్లీ మోగింది. అక్క చేతులు ఒళ్లో బిగించుకుని, కాలుగాలిన పిల్లిలా అవస్థ పడింది కానీ లేవలేదు. మామగారు బావ వైపు చూశారు. బావ కూతురి వైపు చూశాడు. మూడోసారి మోగాక, కొండెక్కుతున్నంత ఆయాసంతో బావే లేచాడు. వచ్చింది నీళ్ల క్యాన్ అతను. "నేనే తీశాను" అన్నాడు బావ లోపలికొస్తూ. చప్పట్లు కొట్టాలేమో మరి!

హోటల్లో నేను సోఫాలో కూర్చున్నాను. మేనేజరు డెస్క్ దగ్గరే నిలబడి, మీ ఇంటి గురించి చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాడు. అక్క మొదలుపెట్టింది.

"ఎవ్రీబడీ ఈజ్ ఎట్ హోమ్. సమ్‌బడీ రింగ్స్ ద బెల్. ఎనీబడీ కెన్ ఓపెన్ ద డోర్. నోబడీ ఓపెన్స్." నా వైపు ఒకసారి చూసింది. "టుడే, మై హస్బెండ్ ఓపెన్డ్."

మేనేజరు పకపకా నవ్వాడు. "మా ఇంట్లోనూ అంతేనండీ" అని తెలుగులో అనేసి, డెస్క్ వెనకున్న కుర్చీ చూపించాడు. "కూర్చోండి. పని చెబుతాను."

అక్క కుర్చీని ముందు చేత్తో తడిమి, తర్వాత కూర్చుంది. ఎదురుగా అద్దంలోంచి వీధి. కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, నావీ తుడుచుకున్నాను.

అంతలో తన ఫోన్ మోగింది. బావ గొంతు నా దాకా వినబడింది. "ఇదిగో, కుక్కర్ కూతేస్తోంది! ఏం చెయ్యాలి?"

అక్క వీధి వైపే చూస్తూ అంది, "నేను పనిలో ఉన్నానండీ. ఎవరైనా చూసుకోండి."